లైసెన్సు దొరికింది, విమానం దొరకలేదు

బెస్సీ కోల్మన్ పైలట్ లైసెన్సులో పుట్టిన సంవత్సరం 1896 అని ఉంటుంది. నిజానికి ఆమె పుట్టింది 1892 జనవరి 26న. వయసు నాలుగేళ్లు తగ్గించి చెప్పుకుంది. లైసెన్సు నంబరు 18,310. తేదీ 1921 జూన్ 15. ఇచ్చింది ఫ్రాన్సులో, అంతర్జాతీయ వైమానిక సమాఖ్య పేరు మీద. ఆ కాగితంలో వయసు అబద్ధమైనా, దాని వెనక ఉన్న సంగతి మాత్రం అప్పటిదాకా లోకం చూడనిది. ఒక నల్లజాతి మహిళ పైలట్ లైసెన్సు అందుకోవడం అదే మొదలు. అమెరికా ఆదివాసీ మూలాలున్న వ్యక్తి అందుకోవడమూ అదే మొదలు.

స్ఫూర్తిగాథలు రాసేవాళ్లు సాధారణంగా ఇక్కడే చప్పట్లు కొట్టి ఆగిపోతారు. పత్తి చేలలో పెరిగిన పిల్ల, చికాగోలో గోళ్లకు రంగు వేసిన యువతి, సముద్రం దాటి పైలట్ అయి వచ్చింది, కథ సుఖాంతం. అయితే ఆ తర్వాత ఆమె ఇంకో ఐదేళ్లు బతికింది. ఆ ఐదేళ్ల లెక్క తీస్తే గాలిలో గడిపిన సమయం కొంచెం, నేల మీద విమానం కోసం తిరిగిన సమయం చాలా ఎక్కువ. ఎగరడం నేర్చుకోవడానికి తెగింపు, పట్టుదల చాలు. ఎగురుతూ బతకాలంటే యంత్రం కావాలి, దాన్ని బాగుచేసే మనిషి కావాలి, ఆ రెంటికీ డబ్బు కావాలి. కోల్మన్ జీవితం అర్థం కావాలంటే చూడవలసింది ఆ తెగింపు కంటే ఈ లెక్కనే.

ఆమె పుట్టిన ఊరు టెక్సస్ రాష్ట్రంలోని అట్లాంటా. జార్జియాలోని పెద్ద నగరం కాదు, అదే పేరున్న చిన్న ఊరు. పెరిగింది అదే రాష్ట్రంలోని వాక్సహాచీలో. పదమూడుగురు సంతానంలో పదో పిల్ల. తల్లిదండ్రులు పాలుకు సేద్యం చేసేవారు. ఆదివాసీ మూలాలున్న తండ్రి జార్జ్, 1901లో టెక్సస్ వివక్ష భరించలేక ఓక్లహోమా వైపు వెళ్లిపోయాడు. తల్లి సూసన్ వెంట వెళ్లలేదు, పిల్లలతో ఉన్న ఊళ్లోనే నిలబడింది. బడి నాలుగు మైళ్ల దూరం, ఒకే గది. పత్తి ఏరే రోజులొస్తే పిల్లలంతా చేలలోనే. కోల్మన్‌కు లెక్కలంటే చురుకు. పత్తి తూకం దగ్గర ఇంటివాళ్ల తరఫున లెక్క చూసేది ఆమే అని చెబుతారు.

బట్టలు ఉతికి కూడబెట్టిన డబ్బుతో 1910లో ఓక్లహోమాలోని లాంగ్‌స్టన్‌లో నల్లజాతివారి కళాశాలలో చేరింది. ఒక్క టర్ముతో డబ్బు అయిపోయింది. మళ్లీ వాక్సహాచీ, మళ్లీ చాకిరేవు. 1915లో అన్నలున్న చికాగోకు చేరింది. దక్షిణాది నుంచి లక్షల మంది నల్లజాతివారు ఉత్తరాది నగరాలకు తరలిపోతున్న కాలం అది.

చికాగోలో ఆమె పని వైట్ సాక్స్ బార్బర్ షాపులో, గడ్డం గీయించుకోవడానికి వచ్చే మగవాళ్ల గోళ్లు తీర్చిదిద్దడం. ఈ పనిని ఆమె ఎక్కి వచ్చిన మెట్ల కింది మెట్టుగా మాత్రమే చూపిస్తుంటారు. అలా చూస్తే ముఖ్యమైనది జారిపోతుంది. ఆనాటి మంగలి షాపు నగరంలోని నల్లజాతి వ్యాపారులు, పత్రికలవాళ్లు, బ్యాంకర్లు, జూదరులు వచ్చి కూర్చుని కబుర్లాడే రచ్చబండ. ఎవరి దగ్గర డబ్బుంది, ఎవరి మాట చెల్లుతుంది అన్నది తెలుసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. చికాగో డిఫెండర్ పత్రిక స్థాపకుడు రాబర్ట్ అబాట్, బ్యాంకరు జెస్సీ బింగా ఆమెకు ఆ నగరంలోనే పరిచయమయ్యారు. తర్వాత ఆమెకు అండగా నిలిచినవారూ వాళ్లే.

ఎగరాలన్న ఆలోచన ఎలా వచ్చిందన్నదానికి ఒక కథ ప్రచారంలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు వెళ్లొచ్చిన అన్న జాన్ షాపులో కూర్చుని, అక్కడి ఆడవాళ్లు విమానాలు కూడా నడుపుతారు, నీ వల్ల ఎక్కడవుతుంది అని ఆటపట్టించాడట. ఆ మాటతో ఆమె తీర్మానం చేసుకుంది. మాటకు మాట పట్టింపు నిజమే కావచ్చు. అదొక్కటే కారణమనుకోవడం మాత్రం తేలిక లెక్క. 1919 జులైలో చికాగోలో జాతి అల్లర్లు చెలరేగి 38 మంది చనిపోయారు. ఉత్తరాదికి వస్తే బతుకు మారుతుందనుకున్న ఆశకు అది గట్టి దెబ్బ. ఇరవై ఏడేళ్ల మనిషి, ఇంకెంతకాలం ఇతరుల గోళ్లు దిద్దాలి అని అనుకోవడానికి అన్న ఎగతాళే అక్కర్లేదు.

అమెరికాలో ఆమెకు నేర్పేవాళ్లు దొరకలేదు. ఆడమనిషి అన్నది ఒక అడ్డు, నల్లజాతి మనిషి అన్నది మరో అడ్డు. రెండూ కలిస్తే తలుపే లేదు. ఇక్కడ గమనించవలసిన విచిత్రం ఒకటుంది. అప్పటి అమెరికాలో విమానం నడపడానికి లైసెన్సు ఉండాలన్న కేంద్ర చట్టం లేదు. పాత విమానం కొనుక్కుని, తెలిసినవాడితో నాలుగు రోజులు తిరిగి, ఐదో రోజు జనాన్ని ఎక్కించుకుని డబ్బు వసూలు చేసినవాళ్లు బోలెడంతమంది. వాళ్లనెవరూ కాగితం అడగలేదు. కాగితం కోసం సముద్రం దాటవలసి వచ్చింది కోల్మనే. ఎవరి మాట నమ్మరో వాళ్లకే రుజువు పత్రం అవసరం. ఆమెకది మొదటినుంచీ తెలుసు.

ఫ్రాన్సు వెళ్లమని సలహా ఇచ్చినవాడు అబాట్. ఆయన ఉదారతలో వ్యాపారం కూడా కలిసి ఉంది, అందులో తప్పేమీ లేదు. డిఫెండర్ ప్రతులు రైళ్లలో పనిచేసే నల్లజాతి పోర్టర్ల చేతుల మీదుగా దక్షిణాది మారుమూలలకు చేరేవి. ఒక నల్లజాతి యువతి ఆకాశంలో ఎగిరితే ఆ పత్రికకు ఏళ్ల తరబడి వార్త. కోల్మన్ చికాగోలోని బెర్లిట్జ్ బడిలో ఫ్రెంచి నేర్చుకుని 1920 నవంబరు 20న ఓడ ఎక్కింది.

చేరింది ఉత్తర ఫ్రాన్సులో సోమ్ నది సముద్రంలో కలిసేచోట, లె క్రోత్వా ఊళ్లో కొద్రాన్ సోదరులు నడిపే బడిలో. నేర్చుకున్నది న్యూపోర్ 82 రకం విమానం మీద. చెక్క, తీగ, గుడ్డ కలిపి కట్టిన రెండు రెక్కల వరసల యంత్రం అది. చక్రం లాంటి స్టీరింగు లేదు. ఎదురుగా లావుపాటి కర్ర, పాదాల కింద అడ్డుపట్టీ, అంతే. బ్రేకులూ లేవు. దిగాక తోక కింది ఇనుప కమ్మీ నేలను గీసుకుంటూ పోతే వేగం తగ్గాలి. ఆ కాలపు రోటరీ ఇంజన్లకు కందెన ఆముదం. ఇంజను తిరుగుతున్నంతసేపూ అది తుంపరగా వెనక్కి చిమ్మేది. పైలట్లు మెడకు పట్టుగుడ్డ చుట్టుకోవడంలో సోకు కంటే ముఖం తుడుచుకునే అవసరమే ఎక్కువ.

ఎక్కే ప్రతిసారీ తీగలు, గుడ్డ, కీళ్లు అన్నీ చేత్తో తడిమి చూసుకోవాలి. తోటి విద్యార్థి ఒకడు ప్రమాదంలో చనిపోవడం ఆమె కళ్లారా చూసింది. అయినా ఆగలేదు. పది నెలల చదువు ఏడు నెలల్లో పూర్తి చేసింది. గాలిలో ఎనిమిది అంకె ఆకారం తిప్పడం, ఇంజను ఆపేసి గుర్తు పెట్టిన చోటుకు యాభై మీటర్ల లోపు దిగడం పరీక్షలో భాగం.

1921 సెప్టెంబరులో న్యూయార్క్‌లో దిగేసరికి విలేకరులు చుట్టుముట్టారు. పొగడ్తలు దండిగా వచ్చాయి, ఉద్యోగం మాత్రం రాలేదు. అప్పటికి ప్రయాణికుల విమాన సర్వీసులన్నవి దాదాపు లేనట్టే. టపా విమానాల ఉద్యోగాలు నల్లజాతివారికి అందేవి కావు. సైన్యం తన వైమానిక దళం తలుపు నల్లజాతివారికి తెరిచింది 1941లో. ఇక మిగిలింది ఒక్కటే దారి, గాలిలో సాము చేసి చూపించడం.

యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం దగ్గర కర్టిస్ జెన్నీ రకం శిక్షణ విమానాలు వేల సంఖ్యలో మిగిలిపోయాయి. 90 అశ్వశక్తి ఇంజను, గంటకు 120 కిలోమీటర్ల వేగం, కొన్ని వందల డాలర్ల ధర. వాటిని కొన్న పైలట్లు ఊరూరా తిరిగి పొలాల్లో దింపేవారు. పల్టీలు కొట్టి చూపించేవారు, తర్వాత డబ్బు పుచ్చుకుని జనాన్ని ఎక్కించేవారు. మన జాతరల్లో రంగులరాట్నంవాడు, మృత్యుగోళంలో మోటారుసైకిలు తిప్పేవాడు చేసేదే, కాస్త ఎత్తున. ఈ ఆటలో రాణించాలంటే మామూలు ఎగరడం చాలదని గ్రహించి, కోల్మన్ 1922 ఫిబ్రవరిలో మళ్లీ ఐరోపా వెళ్లింది. ఫ్రాన్సులో విన్యాసాలు నేర్చుకుంది. నెదర్లాండ్స్‌లో విమాన నిర్మాత ఆంటనీ ఫోకర్‌ను కలిసింది. జర్మనీలోనూ శిక్షణ పొందింది.

మొదటి ప్రదర్శన 1922 సెప్టెంబరు 3న, న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లోని కర్టిస్ ఫీల్డ్‌లో జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన నల్లజాతి 369వ పదాతి దళం గౌరవార్థం, డిఫెండర్ పత్రిక అండతో. ఆ రోజు ఆమె నడిపింది అరువు తెచ్చుకున్న విమానం. ఆరు వారాల తర్వాత చికాగోలో ప్రదర్శన ఇచ్చింది. పత్రికలు ‘క్వీన్ బెస్’ అని పేరు పెట్టాయి. అధికారి దుస్తులను తలపించే కోటు, నడుముకు బెల్టు, పొడుగు బూట్లు వేసుకుని ఫొటోలు దిగేది. వయసు తగ్గించి చెప్పినట్టే, విలేకరులకు కొన్ని సంగతులు పెంచి కూడా చెప్పింది. దాన్ని గొప్పలు అని కొట్టిపారేయనక్కర్లేదు. ఆస్తి లేని మనిషి పెట్టుబడి పెట్టగలిగింది పేరు ఒక్కటే. దాన్ని మెరుగు పెట్టుకోకుండా ఎలా?

ఎట్టకేలకు కాలిఫోర్నియాలో సొంతంగా ఒక జెన్నీ కొంది, సైన్యం వదిలించుకున్న పాతదే. 1923 ఫిబ్రవరిలో సాంటా మోనికా నుంచి ప్రదర్శన కోసం బయల్దేరిన కాసేపటికే సుమారు మూడు వందల అడుగుల ఎత్తులో ఇంజను ఆగిపోయింది. కాలు విరిగింది, పక్కటెముకలు విరిగాయి, విమానం తుక్కయింది. నడవగలిగిన వెంటనే మళ్లీ ఎగురుతానని ఆసుపత్రి నుంచి టెలిగ్రాం పంపింది. కాలు కొన్ని నెలల్లో అతుక్కుంది, కొత్త విమానం మాత్రం మూడేళ్లదాకా చేతికి రాలేదు.

అదే ఏళ్లలో ఇతరుల పరిస్థితి ఏమిటో పక్కన పెట్టి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. కోల్మన్ లె క్రోత్వాలో ఉన్న 1921 జనవరిలోనే, తర్వాత ప్రపంచ ప్రసిద్ధ పైలట్ అయిన అమెలియా ఎయిర్‌హార్ట్ కాలిఫోర్నియాలో నేటా స్నూక్ అనే మహిళా పైలట్ దగ్గర పాఠాలు మొదలుపెట్టింది. ఆ ఏడాదిలోనే ఇంటివాళ్ల సాయంతో పసుపుపచ్చని కినర్ విమానం కొనుక్కుంది. ఆమె తెగువను తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఇంటికి దగ్గర్లో గురువు, ఏడాది తిరగకముందే సొంత యంత్రం ఉన్నవారి మొదటి అడుగు వేరు. చార్లెస్ లిండ్‌బర్గ్ 1923లో 500 డాలర్లకు పాత జెన్నీ కొని కోల్మన్ లాగే ఊళ్లు తిరిగాడు. 1924లో సైన్యపు వైమానిక బడిలో చేరాడు. ఆ బడి ఉన్నది టెక్సస్‌లోనే, కోల్మన్ పెరిగిన రాష్ట్రంలో. అక్కడినుంచి టపా విమానాల ఉద్యోగం, ఆపై సెయింట్ లూయిస్ వ్యాపారుల పూచీతో 15,000 డాలర్ల బ్యాంకు అప్పు, 1927 మేలో అట్లాంటిక్ మీదుగా ఒంటరి ప్రయాణం. పాత జెన్నీతో ఊళ్లు తిరగడం లిండ్‌బర్గ్‌కు మొదటి మెట్టు. అదే పని కోల్మన్‌కు మొదటి మెట్టు, చివరి మెట్టు కూడా.

డబ్బు వచ్చే దారి ఒకటి దొరికినట్టే దొరికింది. ఒక నల్లజాతి సినిమా సంస్థ ఆమెను కథానాయికగా పెట్టి చిత్రం తీయబోయింది. మొదటి సన్నివేశంలో చిరుగుల బట్టలతో, వీపున మూటతో, చేతికర్రతో నగరానికి వచ్చే పల్లెటూరి అమాయకురాలిగా కనిపించాలన్నారు. ఆమె లేచి వెళ్లిపోయింది. తెల్లవాళ్లు నల్లవాళ్లను చూసి నవ్వుకునే ఆ బొమ్మనే తానూ వేయనంది. నిర్వాహకులు మండిపడ్డారు, నిలకడ లేని మనిషి అన్న ముద్ర పడింది. ఆ ముద్ర తర్వాతి ప్రదర్శనలకూ అడ్డొచ్చింది. ఈ పట్టుదల ఆమెకు లాభించలేదన్నది నిజం. చిరుగుల బట్టలు కట్టుకుని ఆ సినిమా చేసి ఉంటే మంచి విమానం కొనుక్కునేదేమో కూడా.

1925లో టెక్సస్‌కు తిరిగి వచ్చింది. జూన్ 19న హ్యూస్టన్‌లో ప్రదర్శన ఇచ్చింది. టెక్సస్‌లో బానిసత్వం రద్దయిందని 1865లో ప్రకటించిన రోజు అది, నల్లజాతివారికి పండుగ. ప్రదర్శన ముగిశాక ఎంతోమంది నల్లజాతివారు ఆ రోజు తొలిసారి విమానం ఎక్కారు. తర్వాత వాక్సహాచీ. తాను పత్తి ఏరిన ఊరు. నిర్వాహకులు తెల్లవారికొక గేటు, నల్లవారికొక గేటు పెట్టబోతే, అందరూ ఒకే గేటు గుండా వస్తేనే ఎగురుతానని పట్టుబట్టి సాధించింది. లోపల కూర్చునే చోట్లు మాత్రం వేరుగానే ఉండిపోయాయి. ఆమె గెలుపులన్నీ దాదాపు ఇలాంటివే. గేటు దాకా.

ఆమె అసలు లక్ష్యం నల్లజాతివారి కోసం విమానశిక్షణ బడి. ప్రదర్శనలు, ఉపన్యాసాలు, థియేటర్లలో తన విన్యాసాల ఫిల్ము చూపించడం, చివరికి ఫ్లోరిడాలోని ఓర్లాండోలో అందాల దుకాణం తెరవడం, అన్నీ ఆ బడికి డబ్బు పోగేయడానికే. గోళ్లు దిద్దిన పనితో మొదలై, ఆకాశం చూసొచ్చి, మళ్లీ అదే పని దగ్గరికి చేరడం విధి వెక్కిరింపులా కనిపించవచ్చు. ఆమెకది లెక్క. నికరంగా రాబడి వచ్చే పని అదొక్కటే.

డల్లాస్‌లో ఒక పాత జెన్నీని వాయిదాల మీద బేరం చేసుకుంది. చివరి వాయిదా కట్టడానికి, చూయింగ్ గమ్ వ్యాపారంతో సంపన్నమైన కుటుంబానికి చెందిన ఎడ్విన్ బీమన్ సాయం చేశాడు. 1926 ఏప్రిల్‌లో విలియం విల్స్ అనే ఇరవై నాలుగేళ్ల తెల్లజాతి మెకానిక్, పైలట్ కూడా అతనే, దాన్ని డల్లాస్ నుంచి ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌కు తీసుకొచ్చాడు. దారిలో ఇంజను మొరాయించి పలుమార్లు అత్యవసరంగా దింపవలసి వచ్చింది. ఆ విమానం ఎక్కవద్దని ఆమె ఆప్తులు బతిమాలారు.

మే 1న నల్లజాతి సంక్షేమ సంఘం కోసం ప్రదర్శన. అందులో ఆమె పారాచూట్‌తో దూకాలి. దూకే చోటు పైనుంచి చూసుకోవడానికి ముందురోజు, ఏప్రిల్ 30 ఉదయం, విల్స్ నడుపుతుండగా పైకి వెళ్లింది. అంచు మీద నుంచి వంగి కిందికి చూడాలి కాబట్టి నడుముకు బెల్టు పెట్టుకోలేదు. పది నిమిషాల తర్వాత విమానం ఉన్నట్టుండి ముక్కు కిందికి దించి, గిరగిరా తిరిగింది. కోల్మన్ బయటికి విసిరేసినట్టు పడి చనిపోయింది. విల్స్ విమానంతో పాటే కూలిపోయాడు. తర్వాత శకలాలు వెతికితే కారణం కనిపించింది. నియంత్రణ గేర్లలో ఒక రెంచి ఇరుక్కుని ఉంది. ఎవరో, ఎప్పుడో, బాగుచేస్తూ మరిచిపోయిన పనిముట్టు. ఆమె వయసు 34.

ఆ తర్వాత సరిగ్గా ఇరవై రోజులకు, 1926 మే 20న, అమెరికా ప్రభుత్వం విమాన వాణిజ్య చట్టం తెచ్చింది. పైలట్లకు లైసెన్సు, విమానాలకు తనిఖీ తప్పనిసరి చేసే దారి దాంతో మొదలైంది. చట్టానికీ ఆమె మరణానికీ సంబంధం లేదు, ఆ చర్చ ఎప్పటినుంచో నడుస్తోంది. కానీ ఆ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండటం కష్టం. నడిపే మనిషికి కాగితం లేకపోయినా, యంత్రాన్ని ఎవరూ చూడకపోయినా ఫర్వాలేదన్న కాలం అది. ఆ కాలపు చివరి రోజుల్లో, కాగితం సంపాదించుకున్న మనిషి, ఎవరూ తనిఖీ చేయని యంత్రంలో పోయింది.

జాక్సన్‌విల్‌లో, ఓర్లాండోలో సంతాప సభలు జరిగాయి. చికాగోలో దాదాపు పదివేల మంది తరలివచ్చారు. జాత్యహంకార హత్యలపై జీవితమంతా పోరాడిన పాత్రికేయురాలు ఐడా వెల్స్ ఆ అంతిమ సభకు సారథ్యం వహించింది. తెల్లజాతి పత్రికల దృష్టి మాత్రం ఎక్కువగా విల్స్ మీదే నిలిచింది. 1929లో విలియం పావెల్ అనే నల్లజాతి పైలట్ లాస్ ఏంజెలస్‌లో ఆమె పేరున ఏరో క్లబ్ పెట్టాడు. 1931 నుంచి చికాగో నల్లజాతి పైలట్లు లింకన్ శ్మశానవాటికలోని ఆమె సమాధి మీదుగా ఎగురుతూ పూలు జారవిడవడం మొదలుపెట్టారు. 1992 సెప్టెంబరులో తొలి నల్లజాతి మహిళా వ్యోమగామి మే జెమిసన్ అంతరిక్షానికి వెళ్తూ ఆమె ఫొటో వెంట తీసుకెళ్లింది. 1995లో తపాలా బిళ్ల, 2023లో పావు డాలరు నాణెం వచ్చాయి.

ఈ గౌరవాల కంటే చికాగోలో జరిగిన మరో పని ఆమె కథకు దగ్గరగా ఉంటుంది. కార్నీలియస్ కాఫీ, జాన్ రాబిన్సన్ అనే ఇద్దరు నల్లజాతి యువకులు కార్ల మెకానిక్‌లు. వాళ్లకూ విమానం కొనే స్థోమత లేదు. విడిభాగాలు తెచ్చుకుని, మోటారుసైకిల్ ఇంజను బిగించి, ఒకరు కూర్చునే చిన్న విమానం తామే కట్టుకున్నారు. వైమానిక మెకానిక్ చదువుకు చేరబోతే రంగు చూసి బడివాళ్లు వద్దన్నారు. కోర్టుకెక్కుతామని గట్టిగా చెప్పాక చేర్చుకున్నారు. కోర్సు పూర్తి చేసి, అదే రంగంలో ఇతర నల్లజాతి యువతకు నేర్పడం మొదలుపెట్టారు. తర్వాత కాఫీ సొంతంగా విమానశిక్షణ బడి పెట్టాడు, కోల్మన్ కోరుకున్నలాంటిదే. దాన్ని నడపడంలో సగం భారం మోసిన విల్లా బ్రౌన్ ముందు రెంచి పట్టడం నేర్చుకుంది. 1935లో మెకానిక్ సర్టిఫికెట్ తీసుకుంది. 1938లో పైలట్ లైసెన్సు తీసుకుంది. అందుకోసం ఫ్రెంచి నేర్చుకుని ఓడ ఎక్కవలసిన పని రాలేదు, చికాగోలోనే దొరికింది.